దారి పక్కన మాన్సర్ స్మారకం

బ్యాంకు ఉద్యోగంలో బదిలీలు తప్పవు. అలా ఒక మూడేళ్లు సిలిగురిలో పనిచేశాను. ఇంట్లో తప్ప తెలుగు మాట వినపడని ఊరు. ఏమీ తోచని ఆదివారాలు కొండెక్కడం అలవాటయింది. కర్సియాంగ్‌లో బొమ్మ రైలు బజారు మధ్యలోంచి, కొట్ల గుమ్మాలు రాసుకుంటూ పోతుంది. అక్కడి నుంచి డౌ హిల్ వైపు పైకి నడిస్తే పొగమంచులో, ఎత్తైన చెట్ల మధ్య విక్టోరియా బాయ్స్ స్కూలు కనిపిస్తుంది. 1879లో మొదలైన బడి. తెల్లదొరల కాలంలో ప్రభుత్వోద్యోగుల పిల్లలు చదివిన చోటు. గేటు దగ్గర నిలబడి చూసి, దిగువన టీ తాగి, సాయంత్రానికి దిగివచ్చేవాణ్ణి. అంతకుమించి ఆ బడితో నాకు పని లేదు.

చాలా ఏళ్లకు, రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందినవారిలో మన దేశంలో పుట్టినవారి సంగతి చదువుతుంటే లెస్లీ థామస్ మాన్సర్ అనే పేరు తగిలింది. పుట్టింది కొత్త ఢిల్లీలో, 1922 మే 11న. తండ్రి తంతితపాలా శాఖలో ఇంజనీరు. చదివింది కర్సియాంగ్ విక్టోరియా బడిలో. పోయింది బెల్జియంలో, 1942 మే 31 తెల్లవారకముందే. ఇరవై ఏళ్లు నిండి ఇంకా మూడు వారాలు కాలేదు. అతని పేరుతో బెల్జియం ఈశాన్యపు కొసన, కిన్‌రోయ్ మండలంలో మోలెన్‌బేర్సెల్ అనే పల్లె దగ్గర, స్టాంప్‌రోయర్‌బ్రూక్ అనే చోట ఒక స్మారకం ఉంది. నేను ఆ దేశం వెళ్లలేదు, దాన్ని కళ్లతో చూడలేదు. కానీ గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన ఆ బడి వల్ల, ఈ కుర్రవాడు నాకు బొత్తిగా పరాయివాడనిపించలేదు. వెతికి వెతికి చదివాను. చదివిన కొద్దీ మెప్పుతోపాటు ఒక ఇబ్బంది కూడా పెరిగింది. ఆ రెండూ చెప్పుకోవాలనే ఈ వ్యాసం.

మాన్సర్ కుటుంబం ఇంగ్లండు తిరిగివెళ్లి హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో రాడ్లెట్ అనే ఊళ్లో స్థిరపడింది. అబ్బాయి అక్కడ ఆల్డెనమ్ స్కూల్లో చదివాడు. 1940లో వైమానిక దళంలో చేరాడు. 1941 మేలో పైలట్ ఆఫీసరయ్యాడు. లింకన్ పట్టణం పక్కన స్కెల్లింగ్‌థార్ప్ స్థావరంలో ఉన్న 50వ స్క్వాడ్రన్‌లో అతని ఉద్యోగం. నడిపినది మాంచెస్టర్ అనే బాంబరు విమానం.

ఈ మాంచెస్టర్ సంగతి కాస్త చెప్పాలి. ఆవ్రో కంపెనీ తయారుచేసిన ఈ విమానానికి రెండే ఇంజన్లు. రోల్స్‌రాయిస్ వారి వల్చర్ ఇంజన్లవి. కాగితం మీద మంచి బలమైనవి, గాలిలోకి వెళ్లాక నమ్మకం లేనివి. వేడెక్కిపోవడం, ఉన్నట్టుండి ఆగిపోవడం, మంటలంటుకోవడం వాటికి మామూలు. రెండింటిలో ఒకటి ఆగిపోతే మిగిలిన ఒక్కటీ అంత బరువును పైన నిలపలేదు. శత్రువు తుపాకులకంటే సొంత ఇంజన్లకే సిబ్బంది ఎక్కువ భయపడేవారంటే ఆశ్చర్యం లేదు. ఇదే విమానానికి రెక్కలు పెంచి, నాలుగు మెర్లిన్ ఇంజన్లు బిగిస్తే లాంకాస్టర్ అయింది. యుద్ధం ముగిసేదాకా బ్రిటిష్ బాంబర్ దళానికి వెన్నెముక అదే. మాంచెస్టర్‌ను మాత్రం 1942 జూన్‌లో యుద్ధపు పనినుంచి తప్పించారు. మాన్సర్ మరణం మే నెలాఖరున. ఒక నెల తేడా.

ఆ నెలాఖరు రాత్రి మామూలు రాత్రి కాదు. 1942 ఫిబ్రవరిలో బాంబర్ దళం పెత్తనం ఆర్థర్ హారిస్ చేతికి వచ్చింది. ఆ నెలలోనే ఫ్యాక్టరీలను గురిచూసి కొట్టడం కాదు, ఊళ్లకు ఊళ్లనే కాల్చి అక్కడి జనం గుండె దిగజార్చాలన్న విధానం ఖాయమైంది. ఒకే ఊరి మీద ఒకే రాత్రి వెయ్యి విమానాలు పంపుతానన్నాడు హారిస్. అన్ని విమానాలు దళంలో లేవు. శిక్షణ పాఠశాలల్లో ఉన్న విమానాలు, నేర్పేవారు, నేర్చుకుంటున్నవారు, అందరినీ కూడగట్టి 1,047 లెక్క తేల్చారు. మొదట హాంబర్గ్ అనుకున్నారు. అక్కడ మబ్బు పట్టింది. ఎవరు బతకాలో ఎవరు చావాలో ఆ మబ్బే నిర్ణయించి, కొలోన్ వంతు వచ్చింది. అలా కూడగట్టిన వాటిలో ఒకటి మాన్సర్‌కిచ్చిన విమానం. మరో దళం నుంచి తెచ్చిన పాత బండి.

విమానంలో ఏడుగురు. మోసుకెళ్లినవి నిప్పు బాంబులు. బరువెక్కువై, ఇంజన్లు వేడెక్కి, మిగతా విమానాలు ఎగిరే ఎత్తుకు అది ఎక్కలేదు. ఆ మిషతో వెనక్కి తిరిగి వచ్చేయవచ్చు. మాన్సర్ ఏడు వేల అడుగుల ఎత్తులోనే ముందుకు పోయాడు. కొలోన్ మీద సెర్చిలైట్లు పట్టేశాయి. బాంబులు వేసి మలుపు తిరుగుతుండగా కింది ఫిరంగుల దెబ్బలు వరసగా తగిలాయి. తప్పించుకోడానికి వెయ్యి అడుగుల లోపుకు దిగాడు. ఊరి పొలిమేర దాటేదాకా దీపాలు, గుండ్లు వదలలేదు. తోక దగ్గర తుపాకీ పట్టుకున్నతను గాయపడ్డాడు. ముందు గది పొగతో నిండిపోయింది. ఎడమ ఇంజన్ కాగిపోతోంది.

అప్పుడు అందరూ దూకేయవచ్చు. దూకితే దిగేది జర్మనీలో, యుద్ధఖైదీలుగా. మాన్సర్ విమానాన్ని మెల్లగా రెండు వేల అడుగులకు ఎక్కించి ఇంటివైపు తిప్పాడు. అంతలో ఎడమ ఇంజన్‌కు మంటలంటుకున్నాయి. పది నిమిషాలు మండింది. ఆర్పే సాధనాలు పనిచేశాయి గానీ ఇంజన్ పోయింది, రెక్కలో ఒక భాగం కాలింది. ఇక ఒక్క ఇంజన్. సామానంతా బయటికి విసిరి బరువు తగ్గించారు. అయినా విమానం అడుగడుగున కిందికి జారుతోంది. ఇక లాభం లేదని తేలాక, అందరినీ దూకమని ఆజ్ఞ ఇచ్చాడు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలిస్తేగాని ఆ చివరి క్షణం అర్థం కాదు. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోతే విమానం ఆగిన వైపుకు గుంజుతుంది. పైలట్ రెండో వైపుకు కాలితో, చేతితో బలమంతా పెట్టి అదిమిపట్టి ఉంచాలి. పట్టు వదిలితే విమానం పక్కకు తిరగబడుతుంది. తిరగబడిన విమానంలోంచి ఎవడూ దూకలేడు. అంటే తక్కినవారు గుమ్మం దాటేదాకా ఒకడు కుర్చీలో ఉండాల్సిందే. పైగా ఆ రోజుల్లో పారాచూట్ మూట వేరుగా ఉండేది, దూకేముందు ఛాతీ మీద తగిలించుకోవాలి. రెండో పైలట్ సార్జెంట్ లెస్లీ బేవిస్టాక్ ఆ మూట తెచ్చి మాన్సర్‌కు తగిలించబోయాడు. మాన్సర్ వద్దని తోసేశాడు. ఇంకొన్ని క్షణాలే పట్టి ఉంచగలను, నువ్వు దూకు అన్నాడు.

బేవిస్టాక్ దూకేటప్పటికి పారాచూట్ సరిగ్గా విచ్చుకునే ఎత్తు కూడా లేదు. అతను పడింది నీళ్లు నిండిన ఒక కాలువలో. ఆ నీళ్లే కాపాడాయి. విమానం కాస్త అవతల నేలకు కొట్టుకుని మండింది. బ్రూక్ అంటే అక్కడి భాషలో చిత్తడి నేల. స్టాంప్‌రోయర్‌బ్రూక్ అనే పేరులోనే ఆ బురద, ఆ నీరు ఉన్నాయి. కాలువలూ చిత్తడులూ ఎరిగిన యానాం వాణ్ణి గనక, మోకాలి లోతు బురద ఒక మనిషి ప్రాణం నిలిపిందంటే నాకు నమ్మడం కష్టం కాలేదు.

ఇంతవరకు మెప్పు. ఇక ఇబ్బంది.

ఆ రాత్రి కొలోన్‌లో దాదాపు 2,500 చోట్ల మంటలు లేచాయి. మూడు వేల మూడు వందలకు పైగా కట్టడాలు నేలమట్టమయ్యాయి. 469 మంది చనిపోయారు, అందులో 411 మంది మామూలు జనం. 45,000 మందికి పైగా ఇళ్లు లేనివాళ్లయ్యారు. పోయిన బ్రిటిష్ విమానాలు నలభై పైచిలుకు. మాన్సర్ చేసిన త్యాగం గురించి రాసినవారు చాలామంది ఈ లెక్క పక్కన పెట్టేస్తారు. ఈ లెక్క రాసేవారు మాన్సర్ పేరెత్తరు.

నాకు పక్కన పెట్టడం కుదరలేదు. కారణం మా నాయనమ్మ. కొలోన్ మీద బాంబులు పడటానికి రెండు నెలలైనా ముందు కాదు, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. సముద్రంలో ఉన్న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచి వచ్చాయవి. కొలోన్‌తో పోలిస్తే అది చీమ కుట్టినట్టు. కానీ ఆ మధ్యాహ్నం తర్వాత కాకినాడలో చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి. మద్రాసులో ప్రభుత్వ కచేరీలే లోపలి ఊళ్లకు తరలిపోయాయి. కాకినాడలో కాపురం ఉన్న మా నాయనమ్మ, చంకలో మా నాన్నను వేసుకుని, ఎడ్లబండి మీద పుట్టింటికి యానాం చేరింది. యానాం అప్పటికి ఫ్రెంచివారిది. 1940లోనే పుదుచ్చేరి గవర్నరు బొన్వాఁ ద గోల్ పక్షం చేరాడు గనక మిత్రరాజ్యాల జాబితాలోదే. జపాను పైలట్‌కు ఆ సరిహద్దు కనిపిస్తుందా అన్నది ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. పుట్టిల్లు గనక వచ్చింది.

ఆమె ఆ కథ చెప్పినప్పుడల్లా ఒక మాట అనేది: "పైనుంచి వేసేవాడికి కింద ఎవరున్నారో కనపడదు రా అబ్బాయ్, కనపడితే వెయ్యలేడు." ఆ మాట నిజమా కాదా అన్నది నాకు ఇప్పటికీ తెగలేదు. వేసినవారిలో కొందరికి కనపడే ఉండాలి. ఏడు వేల అడుగుల నుంచి వీధులు మండుతూ కనిపిస్తాయి.

వాణిజ్యశాస్త్రం చదివి, ముప్పై ఏళ్లుగా లెక్కలతోనే బతికినవాణ్ణి. మా పుస్తకాల్లో జమ వైపు రాసిన పద్దు ఖర్చు వైపు పద్దును చెరిపెయ్యదు. రెండూ ఉంటాయి, నిలవ తేల్చడం తర్వాతి సంగతి. మాన్సర్ పద్దు నేను తేల్చను. అదే మనిషి, అదే రాత్రి, మొదటి సగంలో ఒక ఊరిని కాల్చడానికి వెళ్లాడు, రెండో సగంలో ఆరుగురిని బతికించి తాను కాలిపోయాడు. మోలెన్‌బేర్సెల్ వారి స్మారకం నిలబడింది ఆ రెండో సగం ముగిసిన చోట. బాంబులు పడ్డ చోట కాదు. ఇది ఊరికే అలా జరిగిందనుకోవచ్చు గానీ, నాకు చాలా పెద్ద తేడాగా కనిపిస్తుంది.

ఇంకొక ప్రశ్న కూడా వేసుకున్నాను. కొలోన్ పొలిమేర దాటగానే అందరినీ దూకమని ఉంటే మాన్సర్ కూడా బతికేవాడు కదా? పట్టుదలకు పోయి ప్రాణం పోగొట్టుకున్నాడా? ఖర్చుకు వెనుదీసే నా బుద్ధికి మొదట అలాగే తోచింది. తర్వాత పటం ముందు వేసుకుని చూశాను. కొలోన్ నుంచి ఆ చిత్తడికి సుమారు 90 కిలోమీటర్లు. కాలుతున్న విమానంతో ఆ 90 కిలోమీటర్లూ లాగినందువల్ల, అతని మనుషులు దూకింది జర్మనీలో కాదు, జర్మన్లు ఆక్రమించుకున్న బెల్జియంలో. కింద ఉన్న రైతులు పట్టి ఇచ్చేవారు కాదు, దాచేవారు. ఆరుగురిలో దిగేటప్పుడు దెబ్బ తగిలిన బార్న్స్ ఒక్కడే ఖైదీ అయ్యాడు. తక్కిన ఐదుగురూ ఇంటికి చేరారు.

చేర్చింది కామెట్ మార్గం. తోకచుక్క అని ఆ రహస్య సంస్థకు పేరు. 1941లో దాన్ని ప్రారంభించినవారిలో ముఖ్యురాలు ఆంద్రే ద జోంగ్, అప్పటికి పాతికేళ్లు నిండని బ్రస్సెల్స్ యువతి. ఆమె తండ్రి బడిపంతులు. కూలిన విమానాల సిబ్బందిని ఇంటింటికీ మార్చుతూ, దొంగ కాగితాలు పుట్టించి, రైళ్లలో పారిస్ దాటించి, పిరనీస్ కొండలు నడిపించి స్పెయిన్‌లోకి, అక్కడి నుంచి జిబ్రాల్టర్‌కు చేర్చేవారు. దాచినట్టు తెలిస్తే మరణశిక్షే. 1943 జనవరిలో ఆంద్రే పట్టుబడింది. జర్మన్ శిబిరాల్లో నరకం చూసి బతికి బయటపడింది. తండ్రిని మాత్రం 1944 మార్చిలో కాల్చేశారు. యుద్ధం తర్వాత ఆమె ఆఫ్రికా వెళ్లి కుష్ఠురోగుల ఆసుపత్రుల్లో నర్సుగా ఏళ్ల తరబడి పనిచేసింది. 2007లో పోయింది. ఆమెకొక పుస్తకమే రాయాలి, ఇక్కడ చోటు చాలదు.

మాన్సర్ మనుషుల్ని మొదట ఎత్తి దాచినవారు పేరున్నవారు కారు. చేలు, పశువులు చూసుకునే ఆ చుట్టుపట్ల జనం. ఆ రాత్రి తలుపు తీసినవారు తీయకపోతే మాన్సర్ సంగతి ప్రపంచానికి తెలిసేది కాదు. ఎందుకంటే చూసినవారు ఆ ఐదుగురే. వారు ఇంగ్లండు చేరి చెప్పిన సాక్ష్యం మీద 1942 అక్టోబర్ 23న లండన్ గెజెట్‌లో విక్టోరియా క్రాస్ ప్రకటించారు. సాక్షి లేని సాహసానికి పతకం ఉండదు. ఈ ఒక్క పతకం వెనుక ఎన్ని ఇళ్ల గొళ్లెం తీసిన చప్పుళ్లున్నాయో గెజెట్ రాయలేదు. బేవిస్టాక్ ఆ తర్వాత సముద్రం మీద ఎగిరే సండర్లాండ్ విమానాలకు మారి, 1944లో రెండు జర్మన్ జలాంతర్గాములను ముంచాడు.

మాన్సర్ సోదరి మేవిస్ సంగతి చదివి ఆ రోజు పుస్తకం మూసేశాను. ఆమె భర్త జాన్ నీల్ రాండిల్, కాశీలో పుట్టినవాడు. రాయల్ నార్ఫోక్ రెజిమెంట్‌లో కెప్టెన్. 1944 మే 6న కొహిమా పోరులో, తన మనుషుల్ని కోస్తున్న జపాను మెషిన్‌గన్ బంకరు వైపు ఒంటరిగా పరుగెత్తి, లోపలికి గ్రెనేడ్ విసిరి, ఆ కన్నానికి తన ఒంటినే అడ్డం పెట్టాడు. అతనికీ విక్టోరియా క్రాసే. ఢిల్లీలో పుట్టిన తమ్ముడు బెల్జియంలో లూవెన్ దగ్గరి హేవర్లే శ్మశానంలో ఉన్నాడు. కాశీలో పుట్టిన భర్త కొహిమాలో ఉన్నాడు. రెండేళ్ల లోపు రెండు పతకాలు ఒకే కుటుంబానికి. అలాంటి గౌరవం ఏ ఆడకూతురూ కోరుకోదు. కొహిమాలో ఆ సమాధుల పక్కనే దహన స్మారకం ఒకటుంది, 917 మంది హిందూ సిక్కు సైనికుల పేర్లతో. వారిని తలచుకునే ఇళ్లు మన దేశంలో ఎన్ని ఊళ్లలో ఉన్నాయో.

ఈ రాండిల్‌కు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాణస్నేహితుడు లెనార్డ్ చెషైర్. బెంగళూరు, కోయంబత్తూరు పాఠకులకు చెషైర్ హోమ్ తెలిసే ఉంటుంది. ఆ చెషైరే. అతనూ బాంబరు పైలటే, 1944లో విక్టోరియా క్రాస్ పొందాడు. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద అణుబాంబు పడటం విమానంలోంచి చూసినవారిలో ఒకడు. యుద్ధం తర్వాత వికలాంగులకు నిలయాలు కట్టడంలో జీవితం గడిపాడు. 1959లో బొంబాయిలోనే పెళ్లి చేసుకున్నాడు. ఇరవై ఏళ్లకే కాలిపోయిన మాన్సర్‌కు అలాంటి రెండో జీవితం దక్కలేదు. దక్కితే ఏం చేసేవాడో ఊహించడం నా పని కాదు.

బాంబర్ దళంలో యుద్ధం మొత్తం మీద పోయినవారు 55,573 మంది. సగటున ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు. యుద్ధం గెలిచాక వారి గురించి గట్టిగా మాట్లాడటానికి ఇంగ్లండే మొహమాటపడింది. 1945 మే 13న చర్చిల్ చేసిన విజయోపన్యాసంలో వారి ప్రస్తావన ఇంచుమించు లేదు. డ్రెస్డెన్ మంటలు అప్పటికి మూడు నెలల నాటివి. లండన్‌లో వారికి పెద్ద స్మారకం లేచింది 2012లో. అప్పుడూ కట్టాలా వద్దా అని వాదులాడుకున్నారు. చివరకు శిల మీద అన్ని దేశాల్లోనూ బాంబుదాడుల్లో చనిపోయినవారిని తలచుకునే మాట కూడా చేర్చారు. అది చేర్చడం మంచిపనే అయింది.

స్టాంప్‌రోయర్‌బ్రూక్ వారు లండన్ కోసం ఆగలేదు. 2004 మే 31న, విమానం కూలిన అరవై రెండేళ్లకు అదే తేదీన, తమ దారి పక్కన మాన్సర్ స్మారకం తెరిచారు. వాళ్లకు అతను ఇంగ్లీషువాడని, ఇండియాలో పుట్టాడని, ఏ స్క్వాడ్రన్ వాడని కాదు ముఖ్యం. మా పొలంలో పడ్డాడు, మావాళ్లు దాచినవారు అతని మనుషులు, అంతే. పుట్టిన ఊరివాళ్లకంటే పడిన ఊరివాళ్లే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. సొంత రాష్ట్రం కాని చోట తరాలుగా కాపురముంటున్న మనకు ఇది వింతగా తోచదు. మా వీధి చివర శ్మశానంలో తెలుగువారి సమాధుల మీద పిచ్చిమొక్కలు పీకేది తెలుగు రాని కాపలాదారే.

లింకన్ దగ్గర, మాన్సర్ చివరిసారి లేచిన స్కెల్లింగ్‌థార్ప్ స్థావరం ఇప్పుడు లేదు. ఆ నేల మీద బర్చ్‌వుడ్ అనే పేట లేచింది. అక్కడ చిన్నపిల్లల బడికి లెస్లీ మాన్సర్ పేరు పెట్టారు. కర్సియాంగ్ కొండ మీది బడి కూడా ఇంకా నడుస్తోంది. ఈసారి అటు వెళ్లడం తటస్థిస్తే గేటు దగ్గర ఆగకుండా లోపలికి వెళ్లి, అతని పేరు ఎవరికైనా తెలుసేమో అడగాలని ఉంది.